అత్త పోస్టు మంజూరైంది

మూడేళ్ళలో మా దొంతులవాగు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఆరుగురు స్టాఫ్ నర్సులు వచ్చారు. ఆరుగురూ వెళ్ళిపోయారు. అందరిలోకీ ఎక్కువ కాలం ఉన్నామె నాలుగు నెలలుంది. అందరిలోకీ తక్కువ కాలం ఉన్నామె పొద్దుటి బస్సు దిగి, క్వార్టర్ ఎక్కడని నన్నడిగి, వెళ్ళి చూసి, వెళ్ళిపోయే ఫారం నింపిచ్చి, ఆ బస్సు వెనక్కి తిరిగేలోపే మళ్ళీ ఎక్కేసింది. ఆమె తెచ్చిన నియామక పత్రం ఇప్పటికీ నా సొరుగులోనే ఉంది.

వెళ్ళిపోయేవాళ్ళు ఒక ఫారం నింపి వెళ్ళాలి. అందులో 'విడిచిపోవుటకు కారణము' అని ఒక గడి ఉంటుంది. ఆరుగురూ ఆ గడిలో ఒకే ముక్క రాశారు. క్వార్టర్‌లో స్నానాల గదికి తలుపు లేదు.

నా పేరు రాజమల్లు. అదే ఆసుపత్రిలో ఫార్మసిస్టుని. ఊరూ ఇదే, ఇల్లూ ఇక్కడే. ఇరవై రెండేళ్ళుగా కదలకుండా ఉన్నాను. ఎందుకున్నావని నన్నెవరూ అడగలేదు. ఉన్నవాళ్ళను అడగటానికి ఫారం లేదు.

ఆరో నర్సు వెళ్ళాక పైవాళ్ళు మేలుకున్నారు. రాజధానిలో పద్నాలుగు మందితో 'సిబ్బంది నిలుపుదల విభాగం' అని కొత్తది తెరిచారు. దానికి అధిపతి సంయుక్త సంచాలకులు డాక్టర్ పరాంకుశం గారు. ఆయన ఆ ఆరు ఫారాలనూ ఒక పెద్ద సంస్థకిచ్చి అధ్యయనం చేయించారు. రెండు వందల పన్నెండు పేజీల నివేదిక వచ్చింది. మాకూ ఒక ప్రతి పంపారు. చివరి పేజీలో తేల్చిన సంగతి ఇది: 'తలుపు అనునది ఒక ప్రతీక మాత్రమే. సిబ్బందికి వాస్తవముగా లోపించినది ఆత్మీయత.'

ఏడో నర్సు ఎస్తేరు రాణి. మిర్యాలగూడ వైపు పిల్ల. తండ్రి రైసుమిల్లులో ఫిట్టరు. ఇరవై ఏడేళ్ళుంటాయి. ఇంకా పెళ్ళి కాలేదు. పని తెలిసిన మనిషి. వచ్చిన మూడో రోజే ఒక కాన్పు చేసింది, తల్లికీ బిడ్డకీ ఇబ్బంది లేకుండా. స్నానాల గదికి తలుపు బదులు దుప్పటి కట్టుకుంది. గాలొచ్చినప్పుడల్లా ఆ దుప్పటి ఎగిరి పక్కకు పోయేది. రెండు వారాలు చూసి బదిలీకి దరఖాస్తు రాసి నా చేతికిచ్చింది.

"అన్నా, జర దీన్ని పైకి పంపరాదు. నాతోని అయితలేదు."

సరిగ్గా ఆ రోజే పరాంకుశం గారు తనిఖీకి వచ్చారు. వెంట ఆఫీసు సూపరింటెండెంటు విశాలాక్షి గారు ఉన్నారు. సార్ మాట్లాడిన ప్రతి మాటా రాసుకోవడం ఆమె ఉద్యోగం.

ఆయన దరఖాస్తు చదివి ఎస్తేరును ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు.

"అమ్మా, ఈ గ్రామస్తులు మిమ్ములను ఏమని సంబోధించుచున్నారు?"

"సిస్టర్ అంటరు సార్."

"ఏ ప్రాతిపదికన?"

ఎస్తేరు నావంక చూసింది. నేను మందుల బీరువా వంక చూశాను.

"సిస్టరనగా సోదరి. సోదరీ అని పిలుచువారు సోదరులు కావలెను. మరి ఈ సోదరత్వమునకు ఉత్తర్వులున్నవా? లేవు. అనగా ఈ రాష్ట్రమునందు వేలాది మంది సోదరీమణులు ఇన్నేళ్ళుగా ఎట్టి ఉత్తర్వులూ లేకుండా సోదరీమణులుగా పనిచేయుచున్నారు. దీనిని క్రమబద్ధీకరించవలసియున్నది. రాసుకొనుడు విశాలాక్షి గారూ."

"సార్, బాత్రూంకు తలుపు..." అంది ఎస్తేరు.

"తలుపు ఇంజనీరింగు వారిది తల్లీ. నాది ఆత్మీయత."

నెలన్నరలో ఉత్తర్వు వచ్చింది. పేరు 'బంధుత్వ అనుసంధాన పథకం'. సొంతవాళ్ళెవరూ లేని ఊళ్ళో నర్సు నిలవదు గనుక, ఊళ్ళోనే ఆమెకు సొంతవాళ్ళను ప్రభుత్వం నియమిస్తుంది. ఒక్కొక్క నర్సుకు అత్త ఒకరు, మేనమామ ఒకరు, వదిన ఒకరు, తమ్ముళ్ళు ఇద్దరు, పెదనాన్న ఒకరు. అన్నీ గౌరవ పదవులే. మెడలో వేసుకోవడానికి కార్డు మాత్రం ఇస్తారు. భర్త పోస్టు కూడా అడిగారట గానీ, దాంతో శాశ్వత బాధ్యతలు తగులుకుంటాయని పై శాఖ ఆ ఫైలును వెనక్కి పంపిందని విన్నాను.

ఎంపిక మా ఆసుపత్రి వరండాలోనే జరిగింది. మేనమామ పోస్టుకు వడ్రంగి కనకాచారి ఒక్కడే వచ్చాడు, అదీ ఆ వేళ బీపీ మాత్రల కోసం వచ్చి వరుస తప్పి నిలబడటం వల్ల. పెదనాన్న పోస్టుకు అర్హులు దొరకలేదు. పెదనాన్న నిదానస్తుడై ఉండాలని నిబంధన. తమ్ముళ్ళ కింద పాలకేంద్రంలో పనిచేసే కవల అన్నదమ్ములిద్దరూ కుదిరారు. వదిన పోస్టుకు తొమ్మిది మంది పోటీపడ్డారు. వాళ్ళకు రాతపరీక్ష పెట్టారు. మొదటి ప్రశ్న నాకు గుర్తుంది: 'మరదలు కొత్త చీర కట్టుకొని వచ్చినచో మీరేమందురు? (అ) చాలా బాగుంది. (ఆ) ఎక్కడ కొన్నావు? (ఇ) ఇటువంటిదే నాకూ ఉండెడిది, ఎవరికో ఇచ్చివేసితిని.'

ఆటో నడిపే మొగిలి పెళ్ళాం సుగుణ ఈ మూడింటికీ టిక్కు పెట్టకుండా, కింద ఖాళీలో 'ఎనకకు తిరుగు, ఎట్లుందో చూస్త' అని రాసింది. పరాంకుశం గారు ఆ జవాబు రెండుసార్లు చదువుకుని కళ్ళజోడు తుడుచుకున్నారు. సుగుణకు మొదటి ర్యాంకు వచ్చింది.

సుగుణ ఆ పోస్టుకు ఎందుకొచ్చిందో నాకు తెలుసు. నాలుగేళ్ళ కింద, ఇక్కడ నర్సే లేని రోజుల్లో, కాన్పుకని పట్నం తీసుకెళ్తుంటే ఆమెకు దారిలో ఆటోలోనే నొప్పులు ముదిరాయి. బిడ్డ దక్కలేదు. అప్పట్నుంచి ఏ నర్సు వచ్చినా సుగుణే ముందు వెళ్ళి పలకరించేది. ఆరుగురినీ పలకరించింది. వచ్చిన బస్సుకే తిరిగిపోయినామెతో సహా ఆరుగురినీ తన మొగుడి ఆటోలోనే బస్సు దాకా సాగనంపింది.

అత్త పోస్టు లస్మవ్వకు వచ్చింది. అరవై ఏళ్ళ మనిషి, ఒంటరి, మోకాళ్ళ నొప్పి మాత్రలకు వారం వారం వచ్చేది. ఆమెకు పోటీగా ఎవరూ దరఖాస్తు పెట్టలేదు. పెట్టే ధైర్యం ఎవరికీ లేదు. కార్డు మెడలో వేసుకుని నేరుగా అధికారిని అడిగింది.

"సారూ, అత్త అంటే ఏ అత్త? మేనత్తనా, మొగని తల్లినా? మేనత్తనైతే ముద్దు చెయ్యాలె. మొగని తల్లినైతే గా పని వేరే ఉంటది. ముందుగాల చెప్పుండ్రి."

పరాంకుశం గారు ఇబ్బందిలో పడ్డారు. ఉత్తర్వులో ఉత్త 'అత్త' అనే ఉంది. వివరణ కోసం పైకి రాశారు. మూడు వారాల తరువాత జవాబొచ్చింది: 'సదరు అత్త ఉభయ విధులనూ నిర్వర్తించవలెను.'

దాంతో లస్మవ్వ వేళలు పెట్టుకుంది. పొద్దున్నుంచి ఒంటిగంట దాకా మేనత్త. భోజనాలయ్యాక మొగుడి తల్లి. పొద్దున "నా బిడ్డ పసుపుకొమ్మోలె ఉన్నది" అంటూ జుట్టు దువ్వేది. మధ్యాహ్నం అదే జుట్టు చూసి "గదేం జడ, ఎలకతోకోలె?" అనేది. ఎస్తేరుకు మొదట్లో ఏమీ అర్థం కాలేదు. నాలుగు రోజులకు గడియారం చూసి మాట్లాడటం నేర్చుకుంది.

ఆదివారం ఎస్తేరు మండలంలో ఉన్న చర్చికి వెళ్తే లస్మవ్వ కూడా వెళ్ళింది. విధుల్లో భాగమంది. పాస్టరు గారి ప్రసంగం గంట దాటేసరికి వెనక బల్ల మీంచి లేచి, "అయ్యా, మంచిగ చెప్తున్నవ్ గని, మా పిల్ల పొద్దుగాల్ల సంది ఏం తిన్లేదు. మిగిలింది వచ్చే వారం చెప్పరాదు" అందట. పాస్టరు గారు చెప్పడం ఆపేశారట.

కనకాచారి మాత్రం ఉత్తర్వు చదవలేదు. మేనమామ ఏం చేయాలని నన్నడిగాడు.

"మేనకోడలి ఇంటికి పోయి మంచిచెడ్డా చూసి రా మామా" అన్నాను.

వెళ్ళాడు. దుప్పటి చూశాడు.

"ఇదేంది బిడ్డా?"

"తలుపు మామా."

కనకాచారి ఇంటికి వెళ్ళి, గంటలో ఒక పాత టేకు తలుపు భుజాన వేసుకుని తిరిగొచ్చాడు. మధ్యాహ్నానికి చీలలు కొట్టి, గడియ బిగించి, మూడుసార్లు తెరిచి మూసి చూసుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రం ఎస్తేరు లోపలికి వెళ్ళి గడియ వేసుకుంది. నేను పక్కనే ఆసుపత్రి వరండాలో మందుల లెక్క చూస్తున్నాను. లోపల నీళ్ళ చప్పుడు వినిపించింది, ఆ తరువాత పాట. ఆ పిల్ల పాడుతుందని ఆ రోజే తెలిసింది.

రెండు వందల పన్నెండు పేజీల్లో కాని పని ఒక్క పూటలో అయిపోయిందని ఇంజనీరింగు విభాగానికి తెలిసి, 'అనుమతి లేకుండా ప్రభుత్వ భవనమునకు తలుపు ఏల అమర్చితిరి' అని నాకు నోటీసు వచ్చింది. 'సదరు తలుపు మేనమామ పెట్టిన సారె' అని జవాబు రాశాను. సారె మీద నిబంధనలేమైనా ఉన్నాయేమోనని వాళ్ళు వెతుకుతున్నారు. ఇంకా దొరకలేదు.

నెల నెలా నేను పథకం నివేదిక పంపాలి. అందులో అలకలకు వేరే గడులున్నాయి: గత నెల మిగిలిన అలకలు, ఈ నెల కొత్తగా వచ్చినవి, తీర్చినవి, విచారణలో ఉన్నవి. నేను నిజాయితీగానే నింపేవాణ్ణి. లస్మవ్వవే నెలకు పదకొండు పన్నెండు ఉండేవి. ఒకసారి పైనుంచి మెచ్చుకోలు ఉత్తరం వచ్చింది. అలకల్లో జిల్లాకంతటికీ మేమే ముందున్నామట.

మిగతా చోట్ల పథకం అంత బాగా సాగలేదు. పక్క మండలంలో అత్తలు దొరకలేదు. దాంతో లస్మవ్వకు మరో రెండు ఆరోగ్య కేంద్రాల అత్తగా పూర్తి అదనపు బాధ్యతలు అప్పగించారు. సోమవారం ఒక చోటికి, గురువారం ఇంకో చోటికి బస్సులో వెళ్ళి వచ్చేది. సోమవారం నర్సును పది నిమిషాల్లో ఏడిపించి, గంటలో నవ్వించి, ఇద్దరూ కలిసి తిని, మూడింటి బస్సుకు తిరిగొచ్చేది. గురువారం నర్సు మాత్రం ఎదురు మాట్లాడిందట. "అది మంచి పిల్ల. నిలుస్తది" అని నాతో రాయించింది.

ఇట్లా ఏడాది గడిచింది. ఆ ఏడాదిలో ఎస్తేరు మా ఊళ్ళో నలభై ఒక్క కాన్పులు చేసింది. ఒక్కర్ని కూడా పట్నం ఆటో ఎక్కించలేదు. బదిలీ దరఖాస్తు ఊసు మళ్ళీ ఎత్తలేదు. సుగుణ మళ్ళీ నీళ్ళోసుకుంది. ఆసుపత్రికి వచ్చినప్పుడల్లా "నువ్వుంటవ్ గద మరదలా?" అని అడిగేది. "నేనేడికి పోత వదినా" అనేది ఎస్తేరు.

సుగుణకు ఎనిమిదో నెల నడుస్తుండగా ఒకే రోజు రెండు కవర్లు వచ్చాయి. రెంటి మీదా పరాంకుశం గారి సంతకమే. మొదటి దాంట్లో, ఏడాది పాటు ఒకే చోట నిలిచిన ఆదర్శ సిబ్బందిగా ఎస్తేరు రాణికి ప్రశంసాపత్రం. రెండో దాంట్లో ఆమెకు బదిలీ. అదీ రాష్ట్రం ఆ చివరకు. కారణం కింద రాశారు: 'దగ్గరి బంధువులు నివసించు గ్రామమునందు ఉద్యోగి పనిచేయరాదను నిబంధన కలదు. రికార్డుల ప్రకారము సదరు ఉద్యోగికి ఈ గ్రామమునందు ఐదుగురు దగ్గరి బంధువులున్నారు. అందులో ఒకరు అత్త.'

ఎస్తేరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని రెండుసార్లు చదివింది.

"రాజమల్లన్నా, ఇయ్యి రెండూ ఒక్కలే రాసిన్రా?"

"సంతకం ఒక్కరిదే."

"చదివే సంతకం పెట్టిండా?"

నేను కాగితం తీసుకుని అడుగుదాకా చదివాను.

అభ్యంతరాలుంటే పది రోజుల్లో సంయుక్త సంచాలకుల ముందు చెప్పుకోవచ్చని అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. ఊళ్ళో కూర్చుని ఆలోచించాం. బంధువులున్నారనేగా బదిలీ? అసలు బంధువులమే కాదని చెబితే పోతుంది.

"అట్లంటే నమ్ముతడా?" అంది సుగుణ.

"సారు ముందల కొట్లాడుదాం" అన్నాడు కనకాచారి. అతను అంత పొడుగు మాట మాట్లాడటం అరుదు. "గీ పిల్ల ఎవలో మాకెరకలేదని ఒర్రుదాం. కొట్లాట సూస్తే ఆయనకే తెలుస్తది."

అందరికీ బాగుందనిపించింది. ఎవరెవరు ఏమనాలో నేనే కాగితం మీద రాసిచ్చాను. సుగుణను రావద్దంటే వినలేదు. మొగిలి ఆటోలో మెల్లగా తీసుకొచ్చాడు.

మండల ఆఫీసులో విచారణ జరిగిన రోజున పరాంకుశం గారు గంభీరంగా ఉన్నారు. పక్కన విశాలాక్షి గారు కలం పట్టుకుని ఉన్నారు.

"బంధుత్వము కలదో లేదో శాస్త్రీయముగా తేల్చవలసియున్నది" అన్నారు సార్. "అందుకు నాలుగు గీటురాళ్ళను నిర్ణయించితిని. అడుగకున్నను సలహానిచ్చుట. పాత సంగతులు తవ్వి తీయుట. అలిగి మొగము తిప్పుకొనుట. అలిగియు భోజనము వేళకు అచటనే యుండుట. వీనిలో ఏ మూడు కనబడినను వారు దగ్గరి బంధువులే. ఇది అందరికీ వర్తించును. ఇక మొదలుపెట్టుడు."

లస్మవ్వ నేను రాసిచ్చినట్టే మొదలుపెట్టింది. "సారూ, ఈ పిల్ల ఎవలో నాకెరకలేదు. నాకు ఏమీ కాదు. నిరుడు జరమొచ్చి పండుకుంటే చూడనన్న రాలే."

అదీ కాగితంలో ఉన్నదే. దానికి ఎస్తేరు "అవును, నేను రాలేదు" అనాలి. కానీ ఆ పిల్ల మొహం ఎర్రబడింది.

"నేను రాలేదా అత్తా? మూడు రోజులు, మూడు పూటలొచ్చిన!"

"వచ్చినవ్ తియ్. సూది గుచ్చి పోయినవ్. ఒక్కపారన్న పక్కన కూసున్నవా?"

"బయట ఇరవై మంది పేషెంట్లు నిలబడ్డరు!"

"నేను పేషెంటునా? అత్తను!"

"అత్తా, అప్పుడు పొద్దున పది గంటలు. నువ్వు మేనత్తవు. మేనత్త గట్ల సాధించద్దు!"

నేను కాగితం చూపించి సైగ చేశాను. ఎవరూ చూడలేదు. కనకాచారి గొంతు సవరించుకున్నాడు.

"అందరు ముచ్చట్లు చెప్పెటోళ్ళే. తలుపు పెట్టింది నేను. ఆ దినం ఛాయ్ పోస్తే చక్కెర ఎయ్యలే. ఇంతకాలం ఎవలకన్న చెప్పిన్నా?"

"మామా, నీకు షుగరున్నది!" అని అరిచింది ఎస్తేరు.

"ఉంటే? అడగాలె గద!"

సుగుణ కడుపు మీద చెయ్యి వేసుకుని లేచింది. "గవన్నీ కాదు. మా తమ్ముని లగ్గంల నన్ను ముందు పలకరించకుంట మా తోడికోడలును పలకరించింది. నేనప్పుడే అనుకున్న. కడుపుల పెట్టుకున్న. ఇయ్యాల చెప్తున్న."

"ఆమె గుమ్మం కాడ నిలబడ్డది వదినా! నువ్వు వంటకాడ ఉన్నవు!"

అరగంటకు గది దద్దరిల్లింది. పాత సంగతులు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. నేను రాసిచ్చినవి ఒక్కటీ లేవు. అవన్నీ నిజంగా జరిగినవే. విశాలాక్షి గారు రాస్తూ రాస్తూ కాగితం తిప్పారు.

పరాంకుశం గారు మొదట కలంతో బల్ల మీద కొట్టి "నిశ్శబ్దము" అన్నారు. తరువాత చెవి పెట్టి విన్నారు. లగ్గం సంగతి వచ్చేసరికి కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

"అమ్మా సుగుణా, ఒక్క నిమిషం. ముందు పలకరించలేదంటే పెద్ద తప్పే. కానీ నువ్వు వంటింట్లోంచి బయటికి రావలసింది. వచ్చి ఎదురుపడితే పలకరించక చస్తుందా?" ఆయన నోట ఆఫీసు భాష పోయి మామూలు మాట రావడం నేను మొదటిసారి వినడం.

"గట్ల చెప్పు సారూ!" అంది లస్మవ్వ.

"పలకరింపుల గురించి నాకు చెప్పకండి. మా చెల్లెలి కూతురి పెళ్ళి. పన్నెండేళ్ళయింది. అందరిళ్ళకూ కార్డు పట్టుకుని వచ్చారు. నాకు? ఫోను! సొంత మేనమామకు ఫోను చేసి పెళ్ళికి రమ్మన్నారు!"

లస్మవ్వ కొట్లాట మానేసి ఆయన వైపు తిరిగింది.

"పోయినవా సారూ?" అనడిగింది లస్మవ్వ మెత్తగా.

"వెళ్ళాను. అక్షింతలు వేసి వచ్చేశాను. మాట్లాడలేదు."

"మంచి పని చేసినవ్."

లస్మవ్వ ఇంటి నుంచి తెచ్చిన ఫ్లాస్కు తీసి అందరికీ చాయ్ పోసింది. ఆడమనిషి గదా అని ముందు విశాలాక్షి గారికిచ్చి, తరువాత సార్ ముందు పెట్టింది. సార్ ఆ గ్లాసును పక్కకు జరిపారు.

"నాకు వద్దు."

"ఏమైంది సారూ?"

"ఏం లేదు. అందరికీ పొయ్యండి. నేనేమిటి, నాదేముంది." కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

లస్మవ్వ బతిమాలింది. కనకాచారి బతిమాలాడు. ఒకటిన్నర అయింది. సుగుణ తెచ్చిన సద్ది విప్పి జొన్నరొట్టెలు, పచ్చిపులుసు, గోంగూర తొక్కు బల్ల మీద పరిచారు. సార్ కిటికీలోంచి చూస్తూనే ఉన్నారు గానీ కుర్చీలోంచి మాత్రం లేవలేదు. చివరకు లస్మవ్వ రొట్టె తుంచి చేతిలో పెట్టాక తిన్నారు. నాలుగు తిన్నారు. తొక్కులో ఉప్పు ఒక రవ్వ తగ్గిందని, ఎట్లా కలపాలో కూడా చెప్పారు.

భోజనాలయ్యాక కళ్ళజోడు పెట్టుకుని తీర్పు చెప్పారు. "ఉభయ పక్షముల వాదన వింటిని. పరాయివారు ఈ తీరున పోట్లాడుకొనజాలరు. వీరు దగ్గరి బంధువులే. బదిలీ ఖాయము."

సుగుణ కింద కూలబడింది. ఎస్తేరు వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుని నాడి చూసింది. ఆ తరువాత సార్ వైపు తిరిగింది.

"సార్, ఇంతసేపు అందర్నీ అడిగిన్రు. నన్నెవలు అడగలే. నేను పోను సార్. ఈమె కాన్పు నేనే చెయ్యాలె. పోయినసారి ఈమెకేమైందో ఏ ఫారంల ఉండదు."

"నీ అభిప్రాయమునకు ప్రొఫార్మాలో గడి లేదు తల్లీ" అన్నారు సార్. కానీ గొంతు మెత్తబడింది.

అప్పుడు విశాలాక్షి గారు దగ్గారు. ఆ రోజంతా ఆమె నోటి వెంట వచ్చిన మొదటి చప్పుడు అది.

"సార్, ఒక సందేహం. అడగకున్నా సలహా: సుగుణ గారికి వంటింటి సంగతి, తొక్కులో ఉప్పు సంగతి, వెరసి రెండు. పాత సంగతి తవ్వుట: తమరి మేనకోడలి పెళ్ళి. అలక: చాయ్ విషయమై, పన్నెండు నలభై నుంచి ఒకటిన్నర దాకా. అలిగియు భోజనము వేళకు అచటనే యుండుట: రొట్టెలు నాలుగు. తమరు నిర్ణయించిన గీటురాళ్ళు నాలుగూ తమరియందు కనబడుచున్నవి. ఇవి అందరికీ వర్తించునని కూడా రాసుకున్నాను."

"అయితే?"

"తమరు ఈ ఉద్యోగికి దగ్గరి బంధువు సార్. బంధువు దస్త్రాన్ని బంధువు చూడరాదు. తమరి తీర్పు చెల్లదు."

సార్ చెయ్యి చాచారు. రాసినదంతా తీసుకుని చదువుకున్నారు. ఒక్క అక్షరం తప్పు లేదు.

"అట్లయినచో పైన సంచాలకుల వారికి పంపుడు."

"సంచాలకుల పోస్టు నాలుగేళ్ళుగా ఖాళీ సార్. ఎవరూ నిలవడం లేదు."

దస్త్రం ఎవరు చూడాలో తేలేదాకా ఉద్యోగి ఉన్న చోటే ఉండాలని నిబంధన ఉందట. అది కూడా విశాలాక్షి గారే చెప్పారు. ఆమెకు అన్ని నిబంధనలూ తెలుసునని, ఇన్నేళ్ళలో ఎవరూ అడగకపోవడం వల్ల చెప్పలేదని మెట్లు దిగుతుంటే నాతో అన్నారు.

నెల తిరిగాక, ఒక మంగళవారం మధ్యాహ్నం, దొంతులవాగు ఆసుపత్రిలోనే సుగుణ కాన్పయింది. ఆడపిల్ల. మూడు కిలోలు. ఎస్తేరు చేతుల్లోంచి బిడ్డను నేనే తూకం మీదికి తీసుకున్నాను. ముల్లు నిలబడ్డాక ఆ అంకె రెండుసార్లు చూసి రాసుకున్నాను. బయట కనకాచారి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. లస్మవ్వ మాత్రం, అప్పటికి ఒంటిగంట దాటిపోయినా, ఎస్తేరును పట్టుకుని ముద్దు పెట్టుకుంది. ఆ సంగతి నేను నివేదికలో రాయలేదు.

ఇరవై ఒకటో రోజున తొట్టెల వేడుక చేశారు. పరాంకుశం గారికి మొగిలి ఫోను చేసి చెప్పాడు. ఆయన జీపులో వచ్చారు. బిడ్డను చూశారు, తొట్టె ఒకసారి ఊపారు, ఎవరితోనూ సరిగా మాట్లాడకుండా, తినకుండా వెనక్కి తిరిగారు. ఏమైంది సార్ అని నేనే అడిగాను.

"కార్డు అందరికీ ఇచ్చారట. నాకు ఫోను."

లస్మవ్వకు విషయం తెలిసేసరికి ఆయన జీపెక్కేశారు. ఆమె మోకాళ్ళ నొప్పి కూడా మరిచిపోయి, గిన్నెలో పులిహోర, గారెలు సర్దుకుని జీపు వెంట పరుగెత్తి, కిటికీలోంచి ఆయన ఒళ్ళో పెట్టి వచ్చింది. సార్ మొహం తిప్పుకునే ఉన్నారు గానీ గిన్నె మాత్రం జారకుండా పట్టుకున్నారు. వాగు దాటగానే జీపు ఆపించి తిన్నారని డ్రైవరు చెప్పాడు.

ఆ గిన్నె లస్మవ్వ తల్లిగారింటి నుంచి వచ్చిన ఇత్తడి గిన్నె. పదిహేను రోజులైనా తిరిగి రాలేదు. ఎల్లుండి పొద్దుటి బస్సుకు రాజధాని వెళ్ళి ఆఫీసులో అడుగుతానంటోంది. మధ్యాహ్నం ఒంటిగంట దాటాకే లోపలికి పోతుందట.